పోర్టు ట్రిప్పు ఎవరికి

ఆ ఇంట్లో ఎవరు ఏ రోజు ఎక్కడ ఉండాలో తేల్చేది గోడకి బిగించిన ఒక చెక్క బోర్డు. ఇల్లూ షెడ్డూ ఒకే ప్రహరీలో ఉండేవి. ముందు మూడు లారీలు, వెనక వంటిల్లు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను కట్టి, ఎక్కించి, దించి రావడం వాళ్ళ వృత్తి. బోర్డు మీద వరసగా మేకులు, ఒక్కో మేకు పైన ఊళ్ళో పని, చుట్టుపక్కల పని, పోర్టు ట్రిప్పు, ఇల్లు అని తెల్లరంగుతో రాసి ఉండేది. డ్రైవరుకొక రేకు బిళ్ళ. ఎవరి బిళ్ళ ఏ మేకుకి వేలాడితే వాళ్ళు ఆ పనికి బయల్దేరాలి. పోర్టు ట్రిప్పంటే మాత్రం వారం పైమాటే. ఓడెక్కే సామాను దింపి, ఓడ దిగిన సామాను ఎక్కించుకుని తిరిగి రావాలి మరి.

ఆ బిళ్ళల మీద చెయ్యి వేసే హక్కు అత్తగారొక్కరికే ఉండేది. మామగారు పోయిన దగ్గర్నుంచీ షెడ్డు ఆవిడ కనుసన్నల్లోనే నడుస్తోంది. కన్నకొడుకులైనా సరే, పని మార్చుకోవాలంటే ఆవిడ ముందు నిలబడి, కారణం చెప్పి, ఆవిడ "ఊ" అనేదాకా కాళ్ళు మార్చి మార్చి నిలబడాల్సిందే.

చిన్నకోడలు ఆ షెడ్డులో గాజుసామాను కట్టేది. పళ్ళేలు ఒకదాని మీదొకటి పేరిస్తే అడుగుది పగులుతుందని, వాటిని పుస్తకాల్లాగా నిలబెట్టి సర్దేది. గ్లాసు లోపల కాగితం కుక్కి, బయట కాగితం చుట్టి, పెట్టె ఊపి చూసి, లోపల చప్పుడు కాకపోతేనే మూత వేసేది. ఆమె చేతి పెట్టె ఎంత దూరం వెళ్ళినా ఒక్క కప్పు చెవి కూడా విరగలేదు. ఆ మాట ఒప్పుకుంటూనే అత్తగారు ఒకసారి బంధువుల ముందు అంది: "దాని చేతిలో గాజు కూడా నిలుస్తుంది. కడుపులోనే ఏదీ నిలవదు."

పెళ్ళయి ఐదేళ్ళు. ఆమెకి ముప్పై మూడు నిండాయి. తోటికోడలికి ఇద్దరు పిల్లలు. పిల్లలు కావాలన్న కోరిక చిన్నకోడలికి ఎవరో నూరిపోసింది కాదు, ఆమెదే. రాత్రి పగలు అదే ధ్యాస. డాక్టరమ్మ చెప్పిన పరీక్షలన్నీ చేయించుకుంది, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. "మీ ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి" అని డాక్టరమ్మ అన్న ప్రతిసారీ ఆయనకి ఏదో ఒక అడ్డంకి. టైరు పేలేది, లోడు వచ్చేది, జలుబు చేసేది. మగవాడి ఒంటిని అనుమానించడం ఆ ఇంట్లో ఎవరికీ తోచని పని కాబట్టి, జలుబు తగ్గాక కూడా ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ ఆమెని పక్కగదిలో నర్సు దగ్గరికి పంపింది. పొడుగాటి మనిషి, ఏ మాటకీ గొంతు తగ్గించని మనిషి.

"నెలసరి ఎన్నాళ్ళకోసారి వస్తుందమ్మా?"

"నెల దాటాక ఇంకో వారం పడుతుంది. మొదట్నుంచీ అంతే."

"మరి మీరిద్దరూ కలిసేది ఎప్పుడు?"

చిన్నకోడలు ఫ్యాను వైపు చూసింది. "పద్నాలుగో రోజు. అందరూ అదే చెప్పారు. మా పిన్ని, మా తోటికోడలు, ఫోన్లో వీడియోలు."

"పద్నాలుగు అందరికీ కుదరదు. నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్ళకి అండం కూడా ఆలస్యంగానే విడుదలవుతుంది. రాబోయే నెలసరికి ఓ రెండు వారాల ముందనుకో. అది కూడా ఉజ్జాయింపే. క్యాలెండర్ని కాదు, నీ ఒంటినే అడుగు."

ఒంటిని ఎలా అడగాలో నర్సు విడమరిచి చెప్పింది. ఆ రోజులు దగ్గరపడితే కింద తడి పెరుగుతుంది, మొదట చిక్కగా ఉన్నది పల్చబడి, పచ్చిగుడ్డు తెల్లసొనలా జారుతూ, రెండు వేళ్ళ మధ్య తీస్తే తెగకుండా సాగుతుంది. అదీ అసలు సూచన. కొందరికి పొత్తికడుపులో ఒక పక్క సన్నగా నొప్పి వస్తుంది. పొద్దున కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే థర్మామీటరు పెట్టుకుంటే, అండం విడుదలయ్యాక ఒంటి వేడి కొంచెం పెరిగి అలాగే నిలబడటం తెలుస్తుంది.

"వేడి పెరిగింది కదా అని అప్పుడు మొగుణ్ణి లేపితే లాభం లేదు" అంది నర్సు. "అప్పటికే అయిపోయినట్టు. అండం ఒక్కరోజుకి మించి బతకదు. మగవాడి కణాలే లోపల నాలుగైదు రోజులు కాచుకుని ఉండగలవు. అందుకని తెల్లసొన కనిపించిన దగ్గర్నుంచే దగ్గరగా ఉండండి."

చిన్నకోడలికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "అంటే ఐదేళ్ళుగా మేం వారం ముందే స్టేషన్‌కి వెళ్ళి, రైలు రాకముందే ఇంటికొచ్చేస్తున్నామన్నమాట."

"అయ్యుండొచ్చు" అంది నర్సు. "అదొక్కటే కారణమని మాత్రం చెప్పలేను. ఆయన్ని తీసుకురా."

ఆయనకి ఆదివారం పొద్దున ఆమ్లెట్ వేసుకోవడం సరదా. ఆయన గుడ్డు పగలగొట్టి గిన్నెలో వేస్తుంటే ఆమె పక్కన నిలబడి చూపించింది. "అదిగో, ఆ తెల్లది. అలా ఉంటుందట."

"ఏది?"

ఆమె చెప్పింది. ఆయన గరిటె కింద పెట్టేశాడు. "తినే వేళ ఇవేం మాటలు."

"మీరు తినకపోతే నేను తింటాను" అని నిజంగానే కూర్చుని మొత్తం తినేసింది.

దిండు కింద థర్మామీటరు దుప్పట్లు దులుపుతున్న అత్తగారి కంట పడింది. జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాదని చిన్నకోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు థర్మామీటరుని దిండు కిందే పెట్టేసి, "ఇద్దర్ని కన్నాను. ఒక్కరోజు కూడా నాకు నేను జ్వరం చూసుకోలేదు" అని పక్క దులపడంలో పడిపోయింది.

నర్సు చెప్పింది చెప్పినట్టే జరిగింది. అందరూ చెప్పే పద్నాలుగో రోజు ఎండిపోయినట్టే గడిచిపోయింది. ఆ తర్వాత వారానికి తడి తగిలింది, సాగింది, ఎడమపక్క సన్నగా గుచ్చింది, ఆపైన థర్మామీటరు గీత ఒక పిసరు పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. బాత్రూములో నిలబడి వేళ్ళ మధ్య ఆ సన్నటి తీగ చూసుకుని ఆమెకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఐదేళ్ళుగా ఎవరెవరో ఏదేదో అంటుంటే నోరు మెదపని ఒళ్ళు, ఇప్పుడు తన తరఫున తనే మాట్లాడినట్టయింది. లోపం లేదు, పని చేస్తున్నాను, నువ్వే వేరేరోజు వస్తున్నావు అన్నట్టు. ఆ నెల మటుకు ఆయన పోర్టు ట్రిప్పులో ఉన్నాడు. పోనీలే, వచ్చే నెల ఉందిగా అనుకుంది.

వచ్చే నెల కనిపించగానే సాయంత్రం ఆయనకి చెప్పింది. "సరే" అన్నాడు, నడుం పట్టేసిందని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి చూస్తే బిళ్ళ పోర్టు మేకుకి వేలాడుతోంది. ఆపై నెలా అదే వరస. సాయంత్రం "సరే", పొద్దున పోర్టు. ఆయన తిరిగొచ్చేసరికి వేడి పెరిగి, ఆశ చల్లారి ఉండేది.

ఇది అత్తగారి పనే అని చిన్నకోడలు ఖాయం చేసుకుంది. బిళ్ళలు ముట్టుకునేది ఆవిడ, దిండు కింద థర్మామీటరు చూసింది ఆవిడ, గోడలు పల్చన, ఆవిడ చెవులు పాము చెవులు. అత్తగారి మీద అనుమానం రావడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏ కోడలికీ అక్కర్లేదు. ఆ రెండు నెలలూ పళ్ళేలకి కాగితం చుట్టినంత సేపూ ఆవిడ మీద కోపాన్ని కూడా పొరలు పొరలుగా చుట్టి దాచిపెట్టుకుంది.

నాలుగో నెల కూడా తడి కనిపించింది. ఆ సాయంత్రమే ఆయనకి చెప్పింది. పొద్దున్నే షెడ్డులోకి వచ్చి బోర్డు చూసింది. పోర్టు.

షెడ్డులో అందరూ ఉన్నారు. అత్తగారు బల్ల దగ్గర టీ తాగుతోంది. బావగారు గొంతుక్కూర్చుని టైరు చూస్తున్నాడు. తోటికోడలు వంటింటి గుమ్మంలో ఉంది. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు గనక అందరూ పహిల్వాన్ అని పిలిచే లోడింగు మనిషి తాడు ముడి వేస్తున్నాడు. ఆయనగారు లారీ మీద, లోడు పైన టార్పాలిన్ లాగుతున్నాడు. చిన్నకోడలు తిన్నగా బోర్డు దగ్గరికి నడిచి, మొగుడి బిళ్ళ పోర్టు మేకు నుంచి తీసి ఇల్లు అన్న మేకుకి తగిలించింది.

"ఆ బిళ్ళ ముట్టుకున్నదెవరు?" అత్తగారు టీ గ్లాసు దించకుండానే అడిగింది.

"నేనే, అత్తయ్యా."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు. ఈ వారం ఆయన ఎక్కడికీ వెళ్ళరు. నాకు పిల్లలు పుట్టే అవకాశం ఉన్నది ఈ నాలుగైదు రోజులే. నిన్ననే కనిపించింది."

"ఏం కనిపించింది?" అంది అత్తగారు. అడక్కుండా ఉంటే ఆవిడకే బాగుండేది.

చిన్నకోడలు చెప్పింది. గొంతు తగ్గించకుండా, నర్సు చెప్పినట్టే చెప్పింది. తడి గురించి, తెల్లసొన గురించి, అది ఎంత దూరం సాగిందో వేళ్ళు చాపి చూపించి మరీ చెప్పింది. బావగారు టైరులోకి దూరిపోతాడా అన్నంత వంగిపోయాడు. పహిల్వాన్ వేసిన ముడే విప్పి మళ్ళీ వేశాడు. పైన టార్పాలిన్ చప్పుడు ఆగిపోయింది.

"మగవాళ్ళున్నారు ఇక్కడ. సిగ్గు లేదా నీకు?"

"ఉండేది, అత్తయ్యా. నెలనెలా నాకు వచ్చిందా రాలేదా అని ఈ షెడ్డంతా నా మొహం చూసి పసిగడుతుంటే ఐదేళ్ళు సిగ్గుపడ్డాను. అప్పుడు మీలో ఒక్కరికీ సిగ్గనిపించలేదు. ఇవాళ నేనొక్కదాన్నే పడాలంటే పడను. మనవడు కావాలంటారు, వాడి నాన్నని తీసుకెళ్ళి సరిగ్గా ఆ రోజుల్లోనే పోర్టుకి తగిలిస్తారు. మరి వాడు ఎక్కణ్ణుంచి రావాలి, ఓడలోంచా?"

గుమ్మంలో తోటికోడలు కొంగుతో నోరు మూసుకుంది. అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టింది. కోపం వచ్చినట్టు లేదు, ఏదో అర్థంకానట్టు ఉంది.

"పోర్టు ట్రిప్పు నేనెందుకు వేస్తానే వాడికి? పెద్దాడికి వేశాను."

"నాకే వేసింది అమ్మ" అన్నాడు బావగారు టైరుతో. "పొద్దున మారింది."

"చిన్నాడే వచ్చి మార్పించుకున్నాడు. ఈ మూడుసార్లూ వాడే అడిగాడు. నువ్వేదో మందు వాడుతున్నావనీ, ఆ రోజుల్లో దూరంగా ఉండమని డాక్టరు చెప్పిందనీ అన్నాడు. డాక్టరు చెప్పాక నేను కాదంటానా?"

చిన్నకోడలు లారీ వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ అత్తగారి మీద పెంచి పోషించిన కోపానికి ఒక్కసారిగా నిలవనీడ లేకుండా పోయింది. ఆవిడకి క్షమాపణ చెప్పాలి, నిజమే. అది తర్వాత చూసుకోవచ్చు.

"దిగండి" అంది పైకి చూసి.

ఆయన దిగాడు, కానీ అవతలి పక్కకి. ఆమె లారీ చుట్టూ తిరిగి వెళ్ళింది. లారీకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందులో టార్పాలిన్ తాడు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎందుకు?" అంది.

ఆయన చేతిలో తాడుకి ఓ ముడి వేశాడు. "నేనుండి కూడా కాకపోతే?"

"కాకపోతే ఇంకో నెల."

"ఇంకో నెల కూడా కాకపోతే? అప్పుడిక నన్నే తీసుకెళ్తారు. చేతిలో డబ్బా పెట్టి గదిలోకి పొమ్మంటారు. నాది పనికిరానిదని ఓ కాగితం ఇస్తారు. మీసాలొచ్చే వయసులో నాకు గవదబిళ్ళలు వచ్చి, వాపు కిందకి, వృషణాలకి దిగింది. అలా దిగితే పిల్లలు పుట్టకపోవచ్చంటారు. అప్పట్నుంచీ లోపల ఆ భయం ఉంది. లారీలో ఉంటే ఏదీ తేలదు."

"తేలకపోతే అందరూ నన్నే అంటారు. అది మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు.

ఆ ఒక్క మాటా ఆమె గుండెల్లో దిగింది. తెలియక చేశాడంటే కడుపులో పెట్టుకునేది. తెలిసి చేశాడు. బంధువుల ముందు అత్తగారు ఆ మాట అన్న రోజున ఆయన పక్కనే కూర్చుని వేళ్ళు విరుచుకున్నాడు. ఇద్దరూ కలిసి మోస్తున్నామనుకున్న బరువుని ఇన్నేళ్ళూ తనొక్కతే మోసింది, ఆయన చెయ్యి ఊరికే ఆనించి నడిచాడు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికి ఒప్పుకోలేదు.

"భయం ఉంటే నాకు చెప్పాలి. నేను నవ్వేదాన్నా? వదిలేసి పోయేదాన్నా? నా ఒంట్లో ఏం జరుగుతుందో అంతా మీకు చెప్పాను కదా, గుడ్డుతో సహా. మీ ఒంటి గురించి ఒక్క ముక్క చెప్పడానికి మీకేమైంది?"

ఆయన వేసిన ముడి విప్పుతూ, "ఈసారికి వెళ్ళనీ. పోర్టు గేటు పాసు రాత్రే ఫోన్ చేసి నా పేరున రాయించేశాను. పక్కన ఎవరున్నా అడగరు గానీ, డ్రైవరుగా అన్నయ్య వెళ్తే లోపలికి రానివ్వరు. ఓడ ఆగదు" అన్నాడు.

పాసు సంగతి నిజమే. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఆ సందులోంచి బయటికొచ్చి, లారీ ఎడమ తలుపు తెరిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చుంది. చెయ్యి చాపి తాళంచెవి లాక్కుని గుప్పిట్లో పెట్టుకుంది.

"వెళ్దాం పదండి" అంది. "సీటు వెనక బెర్తు ఉందిగా. వారం రోజులు."

పహిల్వాన్ తాడు వదిలేసి దగ్గరికొచ్చాడు. "అమ్మా, అది నేను కూర్చునే సీటు."

"ఈ ట్రిప్పుకి నువ్వు ఇంటి దగ్గరుండు. లోడంతా గాజుసామానే, నేను కట్టిందే. నేనే దింపిస్తాను."

పహిల్వాన్‌కి వారం రోజులు ఇంటి పట్టున ఉండమంటే అంతకన్నా కావలసిందేముంది. సంచీ తీసేసుకున్నాడు. ఆయన ఇవతలికొచ్చి స్టీరింగు పక్క తలుపు దగ్గర చెయ్యి చాపి నిలబడ్డాడు.

"తాళంచెవి."

"ఇస్తాను. ముందు మీ అమ్మకి చెప్పాల్సింది చెప్పండి. అందరికీ వినపడేలా."

"ఇప్పుడా?"

"నేను తెల్లసొన గురించి అందరి ముందూ చెప్పాను. మీది అంతకన్నా చెప్పలేని మాటేం కాదు."

ఆయన తల్లి వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, డాక్టరు దూరంగా ఉండమని చెప్పలేదు. అబద్ధం చెప్పాను. దానికి అన్ని పరీక్షలూ అయ్యాయి, అన్నీ బాగున్నాయి. పరీక్ష చేయించుకోనిది నేనే" అన్నాడు. అని, ఇంకేమీ మిగల్లేదన్నట్టు చేతులు కిందకి వదిలేశాడు. "తిరిగొచ్చాక వెళ్తాను."

ఆమె తాళంచెవి ఇచ్చింది. చెయ్యి తగిలినప్పుడు ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. కోపం అలాగే ఉంది, కానీ ఆ చల్లదనానికి ఎక్కడో మనసు కరిగింది. రెండూ ఒకేసారి ఉండటం ఆమెకి వింతగా తోచింది, ఏదీ వదులుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఇంజను రెండోసారికి గానీ అందుకోలేదు. అత్తగారు బల్ల దగ్గర్నుంచి లేచి, ఎడమ కిటికీ కిందికి వచ్చి నిలబడింది. అంత ఎత్తునుంచి చూస్తే ఆవిడ చిన్న మనిషిలా కనిపించింది. ఇంజను చప్పుడులో కొడుక్కి వినపడదనుకుందో ఏమో, గొంతు తగ్గించి అడిగింది.

"ఒకవేళ వాడిదే లోపమని తేలితే?"

"తేలనివ్వండి" అంది చిన్నకోడలు. ఆమె గొంతు తగ్గించలేదు. "మీరు నన్ను అన్నట్టు ఆయన్ని నేను అనను."

అత్తగారు కిటికీ అంచు మీద చెయ్యి వేసింది. పక్కన ఆయన స్టీరింగు మీద తల వాల్చి, మళ్ళీ ఎత్తి, ముందుకి చూస్తూ కూర్చున్నాడు. విన్నాడు.

అత్తగారు చెయ్యి తీసి వెనక్కి తిరిగింది.

"పహిల్వాన్, గేటు తియ్యి. వాళ్ళకి ఆలస్యమవుతోంది" అంది.